పోడుకు చోటు లేని చెట్టు

ఊరి పేరు రాయను. దుమ్ముగూడెం దాటాక గోదారిని వదిలి అడవి వైపు తిరిగితే వస్తుంది, అంతవరకే చెప్తాను. మనుషుల పేర్లు కూడా మార్చాను. పోడు ఉన్న ఊరి సంగతి ఎవరితో పడితే వాళ్లతో అనకూడదని మా వైపు చిన్న పిల్లలకు కూడా తెలుసు. అడవి కొట్టుకుని సాగులోకి తెచ్చుకున్న నేలే పోడు. దున్నే మనిషి ఉంటాడు, పంట ఉంటుంది, పట్టా ఉండదు. జీపు దిగినవాళ్లు ఎవరైనా "ఈ చేను ఎవరిది?" అని అడిగితే మా వాళ్లు "పెద్దోళ్లది" అంటారు. ఏ పెద్దోళ్లు, ఎప్పటి నుంచి అంటే చుట్ట కోసం రొండిన వెతుక్కుంటారు. అబద్ధం ఆడరు, నిజం చెప్పరు. ఆ విద్యతోనే ఇన్నేళ్లు ఆ నేల మీద నిలిచారు.

మా బావ అంతోనయ్య ఆ విద్యలో ఆరితేరిన మనిషి. అడవికి హద్దని ఫారెస్టోళ్లు కందకం తవ్వితే అది సరిగ్గా ఆయన చేను నడుమ నుంచి పోయింది. పట్టా కోసం పెట్టుకున్న కాయితాలు పోయిన దారినే తిరిగొచ్చాయి. ఆయన మాత్రం కందకానికి ఇవతల పత్తి, అవతల కంది వేసుకుని, మధ్యలో రెండు దుంగలు పడేసి అటూ ఇటూ నడుస్తూనే ఉన్నాడు. "ఏ పక్కది నీది బావా?" అని నేను ఆట పట్టిస్తే "నడిచే పక్కది" అనేవాడు.

ఆయన కూతురు అక్సా. ఈ కథ ఆమెది. బావ వాళ్లు కతోలికులు, మేం ప్రొటెస్టెంట్లం. పెళ్లినాడు రెండు పక్కలా మూతులు ముడిచారు. పిల్ల మాత్రం ఆదివారాలు మా అక్కతో ఒక చర్చికి, పండగలకు నాయినతో ఇంకో చర్చికి పోతూ, రెండు చోట్లా కేకు తింటూ పెరిగింది. ఏ చర్చి పిల్లవే అని అడిగినవాళ్లను వింతగా చూసేది. డిగ్రీకి భద్రాచలం వచ్చి మా ఇంట్లో చేరింది. ఆ తర్వాత ఖమ్మంలో పీజీ చేసి మళ్లీ మా ఇంటికే వచ్చింది. నేను ఇక్కడ ఒక దవాఖానాలో నర్సును. నా పేరు స్తుతి. పేరుకే స్తుతి, నోరు తెరిస్తే తిట్లే అని మా వార్డు ఆయాలు అంటారు. అనుకోనీ.

చదువు అయ్యాక అక్సాకు ఉద్యోగం భద్రాచలంలోనే దొరికింది. విత్తనాల షాపు మీద మేడలో చిన్న ఆఫీసు. ఒక కంపెనీ రైతుల కోసం ఫోన్ నంబరు పెడుతోంది. రైతు ఫోన్ చేసి తన బాధ తన మాటల్లో చెప్తే, అవతల మిషన్ విని జవాబిస్తుంది. పంటకు పురుగు పడితే మందు చెప్తుంది, వాన ముంచితే సాయానికి పేరు రాసుకుంటుంది. ఇంకా మొదలు కాలేదు, కొన్ని ఊళ్లలో పరీక్షగా నడుపుతున్నారు.

మిషన్‌కు మాట వచ్చినంత తేలిగ్గా తెలివి రాదట. పత్తి ఒక పంట అని, పంట పొలంలో ఉంటుందని, పొలానికి రైతు ఉంటాడని ఒక్కొక్కటే నేర్పాలి. ఏది దేని కిందికి వస్తుందో, ఏది దేంతో కలవదో చెట్టులాగా కొమ్మలు గీసి పెట్టాలి. దాన్ని ఆఫీసులో ఆంటాలజీ అంటారు. నేను చెట్టనే అంటాను. నోరు తిరగక కాదు, అంతకంటే పెద్ద రోగాల పేర్లు రోజూ పలికే నోరే ఇది. ఆ చెట్టు గీయడమే అక్సా పని.

హైదరాబాద్ నుంచి ఆమె పై అధికారి సాయికిరణ్ వచ్చేవాడు. సత్తుపల్లి దగ్గర భూములున్న కుటుంబం, మంచి మర్యాద తెలిసిన కుర్రాడు. ఆయన పద్ధతి పైనుంచి కిందికి. అన్నిటికన్నా పైన "ఉన్నది" అని ఒక గది, దాని కింద ప్రాణం ఉన్నది, ప్రాణం లేనిది, అట్లా దిగుతూ దిగుతూ మిరపకాయ దాకా రావాలి. ఆయన చెట్టు చూస్తే ఆకాశం నుంచి నిచ్చెన వేసినట్టుండేది, కింది మెట్టు నేలకు తగిలేది కాదు. మా అక్సా తిరగబడి కింది నుంచి మొదలుపెట్టింది. వారం సంతలో చాప పరిచి, గింజలు, ఆకులు, కొడవలి, తాడు, మందు డబ్బా అన్నీ పోసి, ఏవి ఏవి ఒక తీరువో కుప్పలు పెట్టమని ఆడవాళ్లను అడిగింది. వాళ్లు కట్టెలు, చింతపండు, జ్వరం గోలీలు, తాటాకు కలిపి ఒక్క కుప్ప పెట్టారు. ఇదేం కుప్పమ్మా అంటే, "వానలు పడకముందు ఇంట్లకు రావాల్సినయి" అన్నారు. ముసురు పట్టాక మా వాగులు దాటిన మనిషెవడైనా ఆ కుప్పను తప్పు పట్టడు. సాయికిరణ్ మాత్రం నవ్వి, "కట్టెలూ గోలీలూ ఒకే కొమ్మంటే మిషన్ మన రైతుకు కట్టెలు మింగమని చెప్తుందండీ" అన్నాడు. అదీ నిజమే.

ఆఖరికి ఇద్దరూ మధ్యలో కలిశారు. మనిషి నోట ఆలోచించకుండా వచ్చే మాటలు, ఎద్దు, వడ్లు, బావి, చెల్క, ఇట్లాంటివి ముందు పెట్టుకోవాలి. అక్కడి నుంచి పైకి గదులు కట్టుకోవాలి, కిందికి రకాలు దింపుకోవాలి. ఈ పద్ధతి బాగా కుదిరింది. అక్సా అన్నం తింటూ కూడా వంకాయ ఏ కొమ్మో, పచ్చడి ఏ కొమ్మో అంటూ ఉండేది. మా ఆయన కంచం పట్టుకుని హాల్లోకి పారిపోయేవాడు. ఆ పిల్ల అంత ఆనందంగా ఉండగా నేను అప్పుడే చూశాను.

చెట్టు మొత్తం కుదిరిందో లేదో చూడటానికి ఒక తనిఖీ ప్రోగ్రాం ఉండేది. పొంతన ఉంటే పచ్చ, పొంతన లేకపోతే ఎరుపు. ఎక్కడా ఎరుపు లేనప్పుడు చెట్టు, పరీక్షలో రైతులు చెప్పిన వివరాలు కలిపి పైకి పోతాయి. పైకి అంటే ఈ పనికి డబ్బులిచ్చే పెద్ద సంస్థకు, అక్కడి నుంచి అన్ని శాఖలకు. అన్నీ పచ్చబడుతూ వచ్చాయి. పోడు దగ్గర ఎర్రబడింది.

ఎందుకంటే చెట్టు పై కొమ్మలు కొన్ని డబ్బులిచ్చినవాళ్లవి. వాటికి తాళం ఉంటుంది, అక్సా కాదు కదా సాయికిరణ్ కూడా ముట్టుకోలేడు. అందులో భూమికి రెండు కొమ్మలున్నాయి, సాగుభూమి, అడవి. సాగుభూమి అయింది అడవి కాకూడదు, అడవి అయింది సాగుభూమి కాకూడదు. అక్సా చాప మీద అందరూ చెప్పిన మాటైతే, పోడు అడవే, చేనూ అదే. రెండు కొమ్మలకూ కడితే ప్రోగ్రాం ఒక్కటే మాట చూపించేది. ఇలాంటిది ఉండటానికి వీల్లేదు.

"ఉండటానికి వీల్లేదంట చిన్నమ్మా," అన్నది అక్సా ఇంటికొచ్చి. "నాయిన పొద్దుగాల లేచి గా వీల్లేని దాంట్లనే కలుపు తీస్తుండు."

నవ్వుతూనే అన్నది కానీ కంచంలో చెయ్యి కదల్లేదు. సాగు కొమ్మకు కడితే పైవాళ్లు ఒప్పుకోరు. అడవి కొమ్మకు కడితే, ఫోన్ చేసిన పోడు రైతుకు మిషన్ "అడవిలో పంట వేయరాదు" అని జవాబు చెప్తుంది. ఇతరములు అని ఒక గది ఉంది, అందులో పడేస్తే ఏ జవాబూ రాదు. ఎటు తిప్పినా గోడే. ఎర్రగా ఉన్నన్నాళ్లూ పోడు వాళ్లు ఎవరు ఫోన్ చేసినా మిషన్ వివరాలు అడిగి రాసుకుని, "మీ ప్రశ్నకు ప్రస్తుతం సమాధానం లేదు" అనేది. అందరికన్నా ఎక్కువ సార్లు ఆ మాట విన్నది మా బావే. అడవిపందులు కంది తవ్వేస్తున్నాయని ఆయన వదలకుండా ఫోన్ చేసేవాడు. కూతురి మిషన్ కదా, ఇవాళ కాకపోతే రేపు చెప్తుందని ఆయన నమ్మకం.

ఒక సాయంత్రం నేను డ్యూటీ దిగి వచ్చి ఉల్లిపాయలు తరుగుతున్నాను. అక్సా పక్కన కూర్చుని ఉన్నట్టుండి అడిగింది.

"చిన్నమ్మా, నువ్వు మనిషివా, నర్సువా?"

"పొద్దటి నుంచి సూదులు పొడిచి పొడిచి వచ్చిన. ఇప్పుడు దయ్యాన్ని."

"గట్ల కాదు, చెప్పరాదు."

"మనిషినే. నర్సు డ్యూటీ. యూనిఫాం ఇప్పితే అయిపాయె."

అక్సా చేతిలో ఉల్లిపాయ కింద పెట్టేసింది. "అంటే మనిషి అన్నది నువ్వు ఏందో అది. నర్సు అన్నది నువ్వు చేసే పని. రెండు వేరే వేరే కొమ్మలు. కొట్లాడుకోవు."

"గీ మాట కనుక్కోనీకి పీజీ చేసినవా?" అన్నాను.

ఆమె వినిపించుకుంటేగా. భూమి ఏమిటన్నది ఒకటి, దాని మీద జరిగే పని ఇంకొకటి. పోడును అడవి కొమ్మకే కట్టి, సాగును భూమి నుంచి విడదీసి పనుల కొమ్మకు మార్చింది. ఇప్పుడు పోడు అంటే సాగు అనే పని జరుగుతున్న అడవి. మర్నాడు తనిఖీ పెడితే చెట్టంతా పచ్చబడింది. సాయికిరణ్ హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి, "మా టీమ్‌లో ఇంతమందికి తట్టలేదండీ, సోమవారం పైకి పంపించేద్దాం" అన్నాడట. ఆఫీసులో మైసూరుపాకు పంచారు. నాకూ రెండు ముక్కలు తెచ్చింది. ఆ సంతోషం ఒక్క పూట.

చెట్టు పచ్చబడితే ప్రోగ్రాం ఊరికే కూర్చోదు. పొంతన కుదిరిన రూల్స్ కలిపి చూసి, మనం చెప్పని సంగతులు కూడా తనే తేల్చి చెప్తుంది. డబ్బులిచ్చినవాళ్ల పై కొమ్మల్లో ఒక గది ఉంది. దాని పేరు ఆక్రమణదారు. అడవి భూమిలో పట్టా లేకుండా సాగు చేసే మనిషి అని దానికి అర్థం రాసి పెట్టారు. మొదటి నుంచీ ఆ గది ఖాళీ. అడవిలో సాగు అనేదే ఉండటానికి వీల్లేనప్పుడు అందులోకి మనిషి ఎట్లా వస్తాడు? అక్సా ఆ వీలు కల్పించింది. శుక్రవారం మధ్యాహ్నం ఆమె తెర మీద చూసేసరికి గది నిండిపోయి ఉంది. మొదటి పేరు అంతోనయ్య.

ఆమె పెట్టలేదు. ఎవరూ పెట్టలేదు. పచ్చబడగానే మిషన్ తనంతట తానే ఏరి కూర్చోబెట్టింది. ఆ గదిలో పేరు పడ్డవాడికి సాయం ఆగడం ఒక్కటే కాదు, ఆ పేరు సోమవారం పైకి పోతుంది. పోతే మా వైపు ఏమవుతుందో చెప్పక్కర్లేదు. జీపు వస్తుంది, ఈసారి ఎవరిది అని అడగదు.

అక్సా వెంటనే సాయికిరణ్‌కు ఫోన్ చేసింది. ఆ గది తీసెయ్యలేమా సార్ అని అడిగింది.

"అది మన చేతిలోది కాదండీ, తాళం వాళ్లది."

"పేర్లన్న ఆపొచ్చా సార్?"

"అవన్నీ హైదరాబాద్ సర్వర్‌లో ఉన్నాయి కదా. అయినా మనమేం తీర్పు చెప్పట్లేదండీ. ఉన్నది ఉన్నట్టు అమరుస్తున్నాం, అంతే."

ఆయన చెడ్డవాడు కాదు, ఆయన భూములకు పట్టాలున్నాయి. నాకు ఒళ్లు మండింది కానీ ఎవరి మీద అరవాలో తెలియలేదు.

ఆదివారం నేనూ అక్సా ఊరికి పోయాం. ఇకనుంచైనా ఫోన్ చెయ్యొద్దని, పట్టా మాట ఎత్తొద్దని నాయినకు చెప్పాలని ఆమె ఆలోచన. ఆయన ఒక్కడి పేరైతే తడబడి చెప్పాడని, పొరపాటు పడిందని ఏదో ఒకటి చెప్పి పైవాళ్లను తీసెయ్యమనొచ్చని చిన్న ఆశ. పేర్లు ఎన్నో ఉన్నాయని చూసింది కానీ, మిగతావి ఎక్కడి వాళ్లవో చదివేంత ధైర్యం రాలేదట. చర్చి నుంచి వచ్చి బావ దుంగల దగ్గర కందకం గట్టు మీద కూర్చుని ఉన్నాడు. కూతుర్ని చూసి ముఖం వెలిగిపోయింది.

"నాయినా, పట్టా ఉన్నదా అని ఫోనుల అడిగినప్పుడు ఏం చెప్పినవ్?"

"లేదని చెప్పిన."

"పెద్దోళ్లది అనకపోయినవా?"

బావ నవ్వాడు. "అది జీపోళ్లకు చెప్పే మాట బిడ్డా. నీ ఫోనుకు గట్లెట్ల చెప్త? సర్వే నంబరు చెప్పిన, కందకం అవతల ఎంత ఉన్నదో చెప్పిన, ఏ యేడు కొట్టినమో గూడ చెప్పిన."

పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి ఎవరికీ చెప్పని మాట ఆయన కూతురి మిషన్‌కు చెప్పాడు. అక్సా గట్టు మీద కూర్చుంది. నేను ఆమె భుజం మీద చెయ్యి వేశాను. బావకు అదేమీ తెలియలేదు. ఇంకా చెప్తూనే ఉన్నాడు.

"నేనొక్కణ్నే గాదు. ఊరందరితోని చెప్పిచ్చిన. మొదాలు భయపడ్డరు. ఇది మన అక్సా ఫోను, ఉన్నది ఉన్నట్టు చెప్పుండ్రి, మనకు మేలైతది అన్న. చిన్నక్క పెద్దోళ్లది అని పెట్టేసింది. నేనే పక్కన కూసోని మళ్ల చేపిచ్చిన."

చిన్నక్క పక్క చేను ఆమె, మొగుడు పోయిన మనిషి. అదే సమయానికి తలగుడ్డ కట్టుకుని కంది చేలోంచి వస్తూ, "ఏం బిడ్డా, పందుల ముచ్చట ఏమన్న చెప్పిందా నీ మిషన్?" అని అడిగింది.

"ఇంకా లేదు చిన్నక్కా," అన్నది అక్సా.

"ఏమన్న తప్పయ్యిందా?" అన్నాడు బావ, అప్పుడు కూతురి ముఖం చూసి.

"ఏం లేదు నాయినా. మిషన్ మంచిగ లేదు. బాగు చేసేదాంక ఎవ్వరూ ఫోన్ చెయ్యకుండ్రి."

"నువ్వున్నవు గద," అన్నాడు బావ. అంతకంటే ఆయనకు అడగాల్సింది ఏమీ లేదు. మా అక్క అన్నం తినమని పిలిచింది. చేపల పులుసు. అక్సా రెండు ముద్దలు తిని చెయ్యి కడుక్కుంది.

ఇల్లు చేరాక మంచినీళ్లు తాగి, "సోమవారం పొద్దుగాల ఎర్రగ ఉంటే పోదు చిన్నమ్మా," అన్నది.

"ఏంది పోయేది?"

"ఏదీ పోదు. చెట్టూ పోదు, పేర్లూ పోవు."

సోమవారం అందరికన్నా ముందు ఆఫీసుకు పోయి, తను కనిపెట్టిన ఉపాయాన్ని తనే తీసేసింది. పోడును మళ్లీ రెండు కొమ్మలకూ కట్టింది. చెట్టు ఎర్రబడింది. ఆక్రమణదారు గది ఖాళీ అయింది. కొత్త మాటలు చేర్చేటప్పుడు ఎక్కడో తప్పు పడినట్టుంది సార్, వెతుకుతున్న అని హైదరాబాద్‌కు చెప్పింది.

అప్పటి నుంచి వెతుకుతూనే ఉంది. ఎండాకాలం పోయింది, వానలు కూడా సగం పోయాయి. తప్పు ఎక్కడుందో తెలిసి, దాన్ని వెతకడానికే జీతం తీసుకుంటూ, ఆ తప్పును ఎవరికీ దొరక్కుండా కాపాడుతోంది. రోజూ ఏదో ఒకటి మారుస్తుంది, వేరే చోట్ల పచ్చ చేస్తుంది, పోడు దగ్గరికి రాగానే ఆపేస్తుంది. ఉద్యోగం మానెయ్యవే అన్నాను ఒకసారి. మానేస్తే కొత్తగా వచ్చేవాడు ఒక్క పూటలో సరిచేస్తాడు అన్నది. సెలవు పెట్టదు, జ్వరమొచ్చినా పోతుంది. ఏన్కూరు, వేంసూరు వైపు పట్టాలున్న రైతులు కూడా ఆ నంబరు కోసం ఎదురు చూస్తున్నారు, వాళ్లకూ దీనివల్లే ఆలస్యం. ఆ సంగతి తలుచుకుని కూడా ఏడుస్తుంది. ఒకళ్లను కాపాడబోతే ఇంకొకళ్ల కడుపు కొట్టినట్టయిందని. నేనేం చెప్పను? వంట చేసి పెడతాను, తినకపోతే తిడతాను. నా చేతిలో ఉన్నది అంతే. ఊరికి పోవడం తగ్గించింది. పోతే నాయిన, మిషన్ బాగయిందా అని అడుగుతాడు. ఊళ్లో వాళ్లు పెద్ద చదువు చదివింది గానీ పని రానట్టుంది అంటున్నారని మా అక్క నాతో చెప్పి బాధపడింది. నేను నోరు మూసుకున్నాను. జీవితంలో నేను నోరు మూసుకున్న సందర్భాలు తక్కువ.

మొన్న అన్నం డబ్బా మరిచిపోయిందని ఆఫీసుకు పోయాను. సాయికిరణ్ వచ్చి ఉన్నాడు. నన్ను చూసి కుర్చీ వేయించి, మళ్లీ ఆమె వైపు తిరిగాడు.

"అక్సా గారూ, తప్పుగా అనుకోకండి. మీరు అలిసిపోయారు. సత్తుపల్లి వైపు వేరే పని ఉంది, జీతం కూడా పెరుగుతుంది, అక్కడికి మారండి. ఇక్కడికి హైదరాబాద్ నుంచి ఒకతన్ని పంపుతాను. చాలా చురుకైనవాడు."

"వద్దు సార్. నేను చేస్త."

"ఎన్నాళ్లండీ? అప్పట్లో మీరే కదా ఒక్క రోజులో పచ్చ చేశారు? పైవాళ్లకు నేనేం చెప్పను?"

అక్సా లేచి నిలబడింది. కాలేజీలో తరగతికంతా మొదటి పిల్ల అది. పదో తరగతిలో లెక్కల్లో ఒక్క మార్కు తగ్గిందని పూటంతా అన్నం ముట్టని పిల్ల.

"అప్పుడేదో అనుకోకుండ పడ్డది సార్. నాకు తెలిసి చేసింది గాదు."

సాయికిరణ్ గొంతు తగ్గించి చాలా మెల్లగా అడిగాడు. "నిజం చెప్పండి. అసలు ఈ పని మీకు వచ్చా?"

నేను డబ్బా బల్ల మీద పెట్టాను.

"రాదు సార్," అన్నది అక్సా. "నేర్చుకుంట. నన్ను ఇక్కడనే ఉంచుండ్రి."

ఆయన జాలిపడ్డాడు. ఇంకో నెల ఇచ్చాడు.